ఖాజాబీ ఇంట్లో తాగని చాయ్

1988 వానాకాలం. అప్పుడు నేను ఒక తెలుగు దినపత్రికకు మహబూబ్‌నగర్‌లో స్టాఫ్ రిపోర్టర్‌ని. ఆ రోజుల్లో జిల్లా విలేకరి దినచర్య ఇలా ఉండేది. పొద్దున పెద్ద దవాఖానలో పోలీసు అవుట్‌పోస్టుకు పోయి రాత్రి వచ్చిన కేసుల పుస్తకం చూడాలి. తర్వాత కలెక్టరేట్. మధ్యాహ్నం కూర్చుని వార్తలు రాసి, అన్నీ ఒక కవర్లో పెట్టి, సాయంత్రం హైదరాబాదు పోయే ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికివ్వాలి. అక్కడ బస్టాండులో మా ఆఫీసు మనిషి అందుకునేవాడు. దాన్ని బస్సు కవర్ అనేవాళ్లం. ఎంత పెద్ద వార్తయినా కవర్ దాటిపోతే పాతబడినట్టే. నా వృత్తి జీవితంలో సగం తప్పులు ఆ బస్సు పేరు చెప్పుకుని చేసినవే.

ఈ అనుభవం ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు. రాయడానికి సిగ్గేసింది. ఇప్పుడూ వేస్తోంది.

ఆ ఆగస్టులో నూలు కొరత మీద వార్త కోసం నారాయణపేట వెళ్లాను. సహకార సంఘం వాళ్లతో మాట్లాడి, బస్టాండు ఎదురుగా హోటల్లో చాయ్ తాగుతుంటే యజమాని నా సంచి చూసి పోల్చుకున్నాడు.

"సారూ, నూలు సంగతి ఎవడు సదువుతడు? మా వాడల బాలప్ప కథ రాయుండ్రి. పేపర్ గోడకు అంటిస్త."

"ఏం కథ?"

"మనిషికి మందు వెట్టిండ్రు సారూ. నిన్న మొన్నటిదాంక అంత మంచిగ నేసెటోడు, రంగు కుండల మూత్రం వోసిండు. నవ్వాల్నా, ఏడ్వాల్నా?"

మందు పెట్టడం అంటే ఇక్కడివాళ్లకు వివరించనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. అన్నంలోనో కూరలోనో ఏదో కలిపి తినిపిస్తారని, అది కడుపులో ముద్దలా పెరిగి మనిషిని పిచ్చివాణ్ని చేస్తుందని నమ్మకం. దాన్ని కక్కించడానికి, నోటితో పీల్చి తీయడానికి వేరే మనుషులుండేవారు.

బాలప్ప ఇంటికి వెళ్లాను. నలభై అయిదేళ్లుంటాయి. గుంత మగ్గంలో కాళ్లు వేలాడేసి కూర్చున్నాడు. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. ఒక జానెడు మేర అంచు గీత గీసినట్టుంది, ఆ తర్వాత గళ్లు చెదిరిపోయాయి. నాడె, అంటే అడ్డపోగు మోసుకుపోయే చెక్క, చేతిలోంచి జారి పడుతోంది. తీసుకుంటాడు, మళ్లీ పడుతుంది. కళ్లు పచ్చగా ఉన్నాయి. మనిషి చిక్కిపోయాడు, పొట్ట మాత్రం ఉబ్బింది.

"గా పొట్టలనే ఉన్నది సారూ మందు. పెరుగుతాంది," అన్నాడు అతని తమ్ముడు ఆశప్ప.

బాలప్ప భార్య సాయమ్మ తలుపు చెక్కకు ఆనుకుని చెప్పింది. "పగలంత పంటడు, రాత్రంత గోడలు వట్టుకోని తిరుగుతడు. నన్నే ఎవలు నువ్వు అంటడు. బక్రీదు నాడు పక్కింటి ఖాజక్క కూర వంపింది. మంచిగుందని రెండుమార్లు ఏసుకున్నడు. మూడోనాటికి గిట్లైండు. మల్ల జర తేరుకుండు. ఆమె చుట్టాల పెండ్లికి వోయి తినొచ్చిండు, మల్ల గదే. ఆమె చెయ్యి ఆమె చెయ్యే సారూ, ఇంకేమనుకోవాలె?"

"వైద్యం?"

"మంత్రం జూసెటాయన మేకను గొయ్యమన్నడు. కోసినం. కార్జెం ఈనకే తినవెట్టమన్నడు. తినవెట్టినం. ఆ తెల్లారి నుంచి ఇంకింత ఎక్వైంది."

అదంతా నోట్‌బుక్కులో రాసుకున్నాను. మేక సంగతి కూడా. ఆ వాక్యాన్ని గుర్తుంచుకోండి.

వాడలో ఏడెనిమిది మందితో మాట్లాడాను. అందరూ ఒకే మాట చెప్పారు. ఖాజాబీతో మాత్రం మాట్లాడలేదు. ఆమె ఇల్లు వెతకాల్సిన పని కూడా లేదు, బాలప్ప గోడకు ఆనుకునే ఉంది. భర్త అద్దకం పని చేసేవాడు, పోయాడు. కూతురికి షాద్‌నగర్‌లో పెళ్లి చేసింది. తాను వాడలో సగం మగ్గాలకు కండెలు చుట్టి బతికేది. నేను తిరిగి వెళ్తుంటే గడపలో రాట్నం ముందు కూర్చుని కనిపించింది. పట్టుదారం కండె మీద నిండగానే కొసను నోటికి అందించుకుని ముందు పళ్లతో టక్కున తెంపేది. కళ్లు కూడా అటు తిప్పేది కాదు. చూడముచ్చటైన పనితనం.

"పేపర్ సాబ్, అందరింట్ల కూసున్నవ్. జర మా ఇంట్ల గూడ చాయ్ తాగిపో," అంది.

"బస్సుకు టైమైందమ్మా," అన్నాను.

మహబూబ్‌నగర్ బస్సుకు ఇంకా అరగంట ఉంది.

ఆ సాయంత్రం నూలు వార్త రెండు పేజీలు రాశాను. బాలప్ప వార్త ఒక పేజీ. దాన్ని బాక్స్ ఐటం అంటారు. చుట్టూ గీత గీసి వేసే చిన్న ఆసక్తికర వార్త. నూట యాభై మాటలు మించకూడదు. చివరి వాక్యం నాకిప్పటికీ కంఠతా వచ్చు. "పొరుగున ఉండే ఒక మహిళ ఇంటి భోజనం చేసిన ప్రతిసారీ ఆయన పరిస్థితి విషమిస్తోందని స్థానికులు చెబుతున్నారు."

ఆ వాక్యంలో అబద్ధం వెతికినా దొరకదు. స్థానికులు చెప్పారు. నేను పేరు రాయలేదు. ఎవరైనా అడిగితే చూపించడానికి మా వృత్తిలో ఇలాంటి తాళాలు చాలా ఉన్నాయి: తెలుస్తోంది, అనుమానిస్తున్నారు, చెప్పుకుంటున్నారు. పదేళ్లలో వాటిని బిగించడం బాగా నేర్చాను. పేరు లేకపోతే ఎవరికీ హాని లేదని మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ని. బాలప్పకు పొరుగు ఇల్లు ఒక్కటేనని, రెండో వైపు దారి ఉందని, కళ్లారా చూసి వచ్చి కూడా నమ్మాను.

మేక సంగతి వదిలేశాను. చోటు చాలలేదు. ఇంకా నిజం చెప్పాలంటే, అది పెడితే వార్త పదును తగ్గుతుంది. ఆమె కూర తింటే పిచ్చెక్కుతోంది అని రాసి, సొంతింటి మేకను తిన్నా పిచ్చెక్కింది అంటే పాఠకుడు ఏమనుకోవాలి? అలా కొట్టేశాను.

డెస్క్ వాళ్లు, అంటే ఆఫీసులో వార్తలు దిద్దేవాళ్లు, "మందు పెట్టారా?" అని శీర్షిక పెట్టి వేశారు. నూలు వార్త రాలేదు. మర్నాడు ఇన్‌చార్జి ఫోన్ చేసి, "ఇలాంటివి పంపండి, మనుషుల కథలు కావాలి," అన్నాడు. ఆ రోజంతా ఉత్సాహంగానే ఉన్నాను.

ఆరో రోజు పొద్దున దవాఖాన అవుట్‌పోస్టుకు వెళ్తే హెడ్ కానిస్టేబుల్ నన్ను చూసి నవ్వాడు.

"రాండ్రి సార్, మీ కేసులే వచ్చినయ్, రెండు. ఆడామె ఒకటి, మొగాయన ఒకటి. నారాయణపేట."

"మా కేసులేంది?"

"సంఘం అరుగు మీద మీటింగ్ వెట్టిండ్రంట. ఆశప్ప అనెటోడు మీ పేపర్ గట్టిగ సదివి వినిపించిండంట. పేపర్ల గూడ వడ్డది, ఇంక రుజువేంగావాలె అన్నడంట. ఆమెను గుంజుకొచ్చి పట్కారుతోని ముందటి పండ్లు వీకిండ్రు. పండ్లు లేకుంటె మంత్రం వలకదు గద సార్, గందుకు. ఆ బాలప్పకు గూడ ఇంక ఎక్వైందని పోలీసోళ్లు ఇద్దర్ని ఒక్క జీపుల తెచ్చిండ్రు."

అతను నవ్వుతూనే చెప్పాడు. అలాంటి కేసులు ఆ పుస్తకంలో అతను చాలా రాశాడు. నేనూ అలాంటి వార్తలు రాశాను. కానీ ఆ కేసులేవీ నా రాత వల్ల జరిగినవి కావు.

ఆడవాళ్ల వార్డు గుమ్మం దాకా వెళ్లాను. ఖాజాబీ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నోటికి అడ్డంగా పెట్టుకున్న కొంగు నెత్తురుతో తడిసి ఉంది. లోపలికి పోలేకపోయాను. మగవాళ్ల వార్డుకు వెళ్లాను. అది సులభమనుకున్నాను.

బాలప్ప మంచం దగ్గర డాక్టర్ వసుంధర ఉన్నారు. సాయమ్మ ఆమెకు ఏదో కాగితం అందిస్తోంది. "ఏమైందమ్మా, ఎన్నాళ్ల నుంచి, ఎలా మొదలైంది?" అని డాక్టర్ అడిగినట్టున్నారు. సాయమ్మ జవాబుగా నాలుగు మడతలు పెట్టిన పేపర్ ముక్క తీసి ఇచ్చింది.

"అన్ని గిండ్ల ఉన్నయమ్మా. పేపరాయన ఒచ్చి అన్ని అడిగి రాసుకపోయిండు. ఇగో, ఈనే!"

డాక్టర్ చదివారు. మళ్లీ మొదటి నుంచి చదివారు. తల ఎత్తి, "మీరేనా?" అన్నారు. అంతే. తర్వాత రోగి వైపు తిరిగారు.

"బాలప్పా, రెండు చేతులు ముందుకు చాచు. ఎవరినో ఆగమంటున్నట్టు అరచేతులు పైకెత్తు. అలాగే ఉంచు."

అతను ఉంచలేకపోయాడు. మణికట్ల దగ్గర చేతులు పక్షి రెక్కల్లా టపటపా వాలుతున్నాయి, లేస్తున్నాయి. మగ్గం దగ్గర నాడె జారిపోవడం గుర్తొచ్చింది. ఆ ఊగడానికి ఆస్టెరిక్సిస్ అని పేరుందని తర్వాత చెప్పారు.

"కాలేయం చెడింది," అన్నారు.

నేను తెలివి చూపించబోయాను. "తాగుడు వల్లనా?"

"రాత్రి అడ్మిట్ చేసినప్పుడే చెప్పారు, చుక్క ముట్టలేదట. ఎనిమిదేళ్ల కింద కామెర్లు వచ్చాయి, ఆకు పసరు తాగి ఊరుకున్నాడు. ఆగండి, తాగుబోతని కూడా రాసేస్తారేమో," అన్నారు. తర్వాత సాయమ్మను అడిగారు, "ఆ ఇంట్లో తిన్నప్పుడే ఇలా అయిందా? ఇంకెప్పుడైనా మాంసం తిన్నాడా?"

సాయమ్మ తల గోక్కుంది. "యాదికి లేదమ్మా."

నాకు యాదికి ఉంది. సంచిలోంచి నోట్‌బుక్కు తీశాను. నారాయణపేట పేజీ తెరిచాను. "మేక కోసి కార్జం పెట్టారు. మర్నాటి నుంచి ఎక్కువైంది," అని చదివాను.

"ఇది పేపర్లో లేదే?" అన్నారు డాక్టర్.

"చోటు చాలలేదండి."

ఆమె నోట్‌బుక్కు తీసుకుని ఆ వాక్యాన్ని కేసు షీటులో రాసుకున్నారు.

సాయంత్రం ఆమె గదికి వెళ్లి, అర్థమయ్యేలా చెప్పమని అడిగాను. ఆమె ఓపికగా చెప్పారు. మనందరి పేగుల్లో లెక్కపెట్టలేనన్ని బాక్టీరియా ఉంటాయి. మనం తిన్న మాంసకృత్తుల్ని అవి విడగొడతాయి. అందులో అమోనియా పుడుతుంది. అది మెదడుకు విషం. ఇంకో సంగతి ఉంది. మెదడులో ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోసే రసాయనాలుంటాయి, వాటిని న్యూరోట్రాన్స్‌మిటర్లు అంటారు. గాబా అనేది అందులో ఒకటి. అది పగ్గం లాంటిది, మెదడు పరుగును నెమ్మది చేస్తుంది. మెదడే కాక పేగుల్లోని బాక్టీరియా కూడా గాబాను, దానికి దగ్గరి పదార్థాలను తయారు చేస్తాయి. కాలేయం బాగున్నవాళ్లకు ఏ బాధా లేదు. పేగుల నుంచి వచ్చే రక్తమంతా ముందు దాని గుండానే పోతుంది, అది వడపోస్తుంది. బాలప్ప కాలేయం రాయిలా గట్టిపడింది. దాన్ని సిర్రోసిస్ అంటారు. రక్తం అందులో దారి లేక పక్కదారులు పట్టి, వడపోత లేకుండా మెదడుకు చేరుతోంది.

"అసలు దోషి అమోనియానా, గాబానా?" అని అడిగాను.

"ఎక్కువమంది అమోనియా అంటారు. గాబాకూ చెయ్యి ఉందని కొందరి వాదన. ఇంకా తేలలేదు. తేలనిదాన్ని తేలలేదనే చెప్పాలి కదండీ," అన్నారు. మళ్లీ అన్నారు, "ఆ వాడవాళ్లు పూర్తిగా మూర్ఖులేం కాదు. కడుపులో ఏదో ఉంది, అది తలకెక్కుతోంది అన్నారు. నిజమే. మాంసం తిన్నాక ఎక్కువవుతోందని కనిపెట్టారు. అదీ నిజమే. అయితే దాన్ని ఎవరూ పెట్టలేదు. మీ కడుపులోనూ నా కడుపులోనూ ఉన్నవే అవి. ఆ ఒక్క ముక్క చెప్పేవాళ్లు వాళ్లకు దొరకలేదు. మీరు దొరికారు."

వైద్యం చూస్తే ఆశ్చర్యం వేసింది. ముందు ఎనిమా ఇచ్చి పేగులు శుభ్రం చేశారు. బాక్టీరియాను తగ్గించడానికి నియోమైసిన్ బిళ్లలు, విరేచనం కావడానికి లాక్టులోజ్ అనే తియ్యటి మందు. మాంసం, పప్పు ఆపి గంజి, చక్కెర నీళ్లు. తిండి అంత కట్టడి చేయడం అప్పటి పద్ధతి, ఇప్పుడు అలా చేయరట. రోజూ పొద్దున డాక్టర్ ఒక కాగితం ఇచ్చి చీర అంచు గీయమనేవారు. మొదటి రోజు పిచ్చిగీతలు. రెండో రోజు మెట్లలాంటివేవో. నాలుగో రోజు గోపురం అంచు, కొలబద్ద పెట్టినట్టు. గీసి ఇస్తూ బాలప్ప అడిగాడు:

"సాయమ్మా, ఖాజక్క కండెలు సుట్టిందా? చీర అందియ్యాలె గద."

సాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తమ్ముడు ఆశప్ప బయటికి పోయాడు. చివరికి వార్డులో పక్క మంచం ముసలాయన చెప్పాడు. బాలప్ప తన చేతుల్ని చూసుకున్నాడు. అవి ఊగడం ఆగిపోయింది. నా వైపు తిరిగి, "పేపర్ల రాసిందానికే చేసిండ్రంటున్నరు. మరి గిది గూడ రాయుండ్రి సారూ," అన్నాడు.

రాశాను. జబ్బు పేరు, కారణం, ఎవరూ ఏమీ పెట్టలేదన్న డాక్టర్ మాట. మొదటి వార్త తప్పు అని కూడా ఒక వాక్యం రాశాను. మన తప్పు మనమే చాటుకోవడమేమిటని డెస్క్ ఆ వాక్యం తీసేసింది. మిగతాది లోపలి పేజీలో బస్సుల వేళల కింద రెండంగుళాలు వచ్చింది. దాన్ని ఏ అరుగు మీదా ఎవరూ చదివి వినిపించలేదు.

పోలీసు కేసు కూడా నిలవలేదు. పేర్లు చెప్పమంటే ఖాజాబీ చెప్పలేదట. "ఎవల పేరు చెప్పాలె? అందరు నా చేతి కండెలతోని నేసినోళ్లే," అందట.

నెల తర్వాత ఆ పేపర్ పట్టుకుని నారాయణపేట వెళ్లాను. హోటల్ గోడ మీద మొదటి వార్త ఇంకా అంటించి ఉంది. ఖాజాబీ గడపలో రాట్నం ముందే కూర్చుని ఉంది. కండెల బుట్టలో అడుగున నాలుగే కనిపించాయి. బాలప్ప తప్ప ఎవరూ ఆమెతో చుట్టించుకోవడం లేదని తర్వాత తెలిసింది. ఈ విషయంలో మతం తేడా కూడా లేదు. మసీదు పక్క ఇళ్లవాళ్లు సైతం ఆమె ఇచ్చిన గిన్నె పుచ్చుకోవడం మానేశారు.

"సదువు సాబ్, నాకు రాదు," అంది. మాటల్లోంచి గాలి పోతోంది. చదివాను. రెండంగుళాలు ఎంతసేపు పడుతుంది?

"నా పేరేది?"

"పేర్లు రాయలేదమ్మా. అప్పుడూ రాయలేదు."

"అప్పుడు రాయకున్నా అందరికి ఎర్కైంది," అంది ఖాజాబీ. "ఇప్పుడు రాయకుంటె ఎవలకు ఎర్కైతది సాబ్?"

ఆమె రాట్నం తిప్పింది. కండె నిండింది. అలవాటుగా దారం కొస నోటికి తీసుకుంది. చిగుళ్ల మధ్య జారిపోయింది. బ్లేడు కోసం చాప కింద వెతికింది, దొరకలేదు. దారాన్ని నా వైపు చాచింది.

"జర తెంపు సాబ్. నీకు పండ్లున్నయి గద."

కోపంగా అనలేదు. వంగి, పళ్లతో తెంపాను. నాలుకకు రంగు చేదు తగిలింది. ఆమె కొత్త కండె ఎక్కించుకుని పనిలో పడింది. నేను ఇంకాసేపు అక్కడే నిలబడ్డాను. చాయ్ తాగమంటుందేమోనని చూశాను. అనలేదు.

బాలప్ప ఆ తర్వాత రెండేళ్లు బతికాడు, చివరిదాకా నేశాడు. ఖాజాబీ అతను పోయాక కూతురి దగ్గరికి షాద్‌నగర్ వెళ్లిపోయిందని విన్నాను. పేగుల్లోని బాక్టీరియా మెదడు రసాయనాలు తయారు చేస్తాయని ఇప్పుడు ఆదివారం అనుబంధాల్లో రంగుల బొమ్మలతో వేస్తున్నారు. అందులో ఎంతవరకు మెదడును చేరుతుందో ఇంకా పూర్తిగా తేలలేదని కూడా, శ్రద్ధగా రాసేవాళ్లు చివర రాస్తారు. ఆ చివరి వాక్యం ఉందా లేదా అని నేను ముందు చూస్తాను.

తర్వాతి రోజుల్లో నా కింద చాలామంది కొత్త విలేకరులు పనిచేశారు. "స్థానికులు చెబుతున్నారు" అని ఎవరు రాసుకొచ్చినా ఒకటే అడిగేవాణ్ని: ఎవరి గురించి చెబుతున్నారో ఆ ఇంట్లో కూర్చున్నావా, చాయ్ తాగావా? తాగకపోతే వార్త వెనక్కి ఇచ్చేవాణ్ని. ముసలాయన చాదస్తం అని నవ్వుకునేవారు. ఎందుకలా అడుగుతానో వాళ్లకు ఎప్పుడూ చెప్పలేదు. బస్సుకు అరగంట టైముండి కూడా ఆ రోజు నేను ఆమె గడప ఎందుకు తొక్కలేదో చెప్పాల్సి వస్తుంది కదా. అందరూ భయపడ్డట్టే నేనూ ఆ చాయ్‌కి భయపడ్డాను.